చిన్న తొట్టి సులువా?

మన పరదరామి పిల్లలు కొందరు ఇంట్లో ఉప్పునీటి చేపలు పెంచుతామంటున్నారు. వద్దనం. కానీ "చిన్న తొట్టే కదా" అంటే మాత్రం మేము ఒప్పుకోం. తొట్టి ఎంత చిన్నదైతే అంత కష్టం. వేలూరు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, క్లౌన్ చేపకేమో 26 దగ్గర ఉండాలి. నీళ్లు ఆవిరైనా ఉప్పు పోదు. లీటరుకు 35 గ్రాములున్నది పెరుగుతూ పోతుంది. అందుకే తగ్గినంత మేర రోజూ మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. అదీ ఆర్వో నీళ్లు. బిందెడు రావాలంటే రెండు మూడు బిందెలు వృథా. ఎండాకాలం నీళ్లకు ఎదురుచూసే వీధిలో ఇది మాకు మింగుడుపడదు. ఆ వదిలే నీళ్లతో ఇల్లయినా కడగండి.

చెన్నై కొళత్తూరులో కొనేటప్పుడు హేచరీ చేపేనా అని గట్టిగా అడగండి. పగడాలు, సముద్రపు గుర్రాలు ఊరికే ఇచ్చినా వద్దు, 2001 నుంచి అవి వన్యప్రాణి చట్టం కింద ఉన్నాయి. ఇంకొకటి, కరెంటు పోతే గాలి పంపుకు బ్యాటరీ ఉందా? అది పెట్టాకే చేపను తెండి.