బడిలో మరుగుదొడ్డి ఉంది.. నల్లా తిప్పితే నీళ్లొస్తున్నాయా?

మీ పిల్లలు నస్రుల్లాబాద్ మండలంలోని సర్కారు బడిలో చదువుతున్నారా? ఈసారి అటు వెళ్లినప్పుడు మరుగుదొడ్లు ఎన్ని ఉన్నాయని అడగకండి. లోపలికి వెళ్లి నల్లా తిప్పి చూడండి.

చట్టం సంగతి స్పష్టం. విద్యాహక్కు చట్టం-2009 ప్రకారం ప్రతి బడిలో బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు, అందరికీ సురక్షితమైన తాగునీరు ఉండాలి. ఆరు నెలల్లో ఇవన్నీ కల్పించాలని 2012 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2022లో మొదలైన 'మన ఊరు - మన బడి' 12 రకాల పనుల్లోనూ ఇవి ఉన్నాయి. కట్టడానికి పథకాలకు కొదవ లేదు. చిక్కంతా కట్టిన తర్వాతే.

మిషన్ భగీరథ నీళ్లు ఊరి ట్యాంకు దాకా వస్తాయి. అక్కడి నుంచి బడి సంపులోకి, మోటారుతో పైనున్న ట్యాంకులోకి ఎక్కితేనే నల్లాకు అందేది. మధ్యలో పైపు పగిలినా, మోటారు కాలినా మరుగుదొడ్డికి తాళం పడుతుంది. లెక్కల్లో మాత్రం అది ఉన్నట్టే! మగపిల్లలు గోడ చాటుకు పోతారు. ఆడపిల్లలు పొద్దంతా నీళ్లు తాగకుండా ఉగ్గబట్టుకుంటారు. మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు ఇదొక కారణం. నెలసరి రోజుల్లో ఏకంగా బడి మానేసేవారూ ఉంటారు.

మరి కడిగేదెవరు? పారిశుద్ధ్య పనులకు 2024లో రాష్ట్ర ప్రభుత్వం విడిగా నిధులిచ్చింది. 30 మంది వరకు పిల్లలుంటే నెలకు రూ.3 వేలు, 100 మంది వరకు రూ.6 వేలు, 250 మంది వరకు రూ.8 వేలు. ఏడాదిలో పది నెలలకే. మూడు వేలకు రోజూ వచ్చి కడిగే మనిషి దొరకడం కష్టమేనన్నది వేరే చెప్పనక్కర్లేదు. ఈ డబ్బు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ ద్వారా ఖర్చవుతుంది. దానికి అధ్యక్షురాలు మీ ఊరి మహిళా సంఘాల సమాఖ్య నాయకురాలే, హెడ్మాస్టర్ కన్వీనర్. అదే ఏడాది సెప్టెంబరులో సర్కారు బడులకు ఉచిత కరెంటు ప్రకటించారు కాబట్టి, బిల్లు కట్టలేక మోటారు ఆపామన్న జవాబు ఇక చెల్లదు.

సమగ్ర శిక్ష కింద ఏటా వచ్చే స్కూల్ గ్రాంటు ఇంకొకటి. 30 మంది లోపుంటే రూ.10 వేలు, 100 మంది వరకు రూ.25 వేలు. అందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకే వాడాలి.

కమిటీ సమావేశంలో ఆ ఖర్చుల రిజిస్టరు చూపించమనండి. ఊళ్లో పైపు పగిలితే పంచాయతీ కార్యదర్శికి, బడిలో మోటారు పాడైనా కడిగే మనిషి లేకపోయినా హెడ్మాస్టరుకు, అక్కడా పని కాకుంటే మండల విద్యాధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి.