‘నేనూ చూశా’ అనడం ఎందుకంత కష్టం?

రెండు నెలల క్రితం ఒక గురువారం సాయంత్రం నేనో అబద్ధం ఆడాను. చిన్నదే, రెండు ముక్కలు: ‘సరిగ్గా చూళ్లేదు’. నిజానికి అక్కడున్న అందరికంటే నేనే బాగా చూశాను.

డాలస్ శివార్లలో ఓ పార్కు. ఆట పేరు డిస్క్ గోల్ఫ్. బంతికి బదులు ఫ్రిస్బీ లాంటి డిస్క్, గుంతకు బదులు గొలుసులు వేలాడే ఇనుప బుట్ట. ఎంత తక్కువ త్రోల్లో బుట్టలో వేస్తే అంత గొప్ప. ఈ గొలుసుల బుట్టను 1970ల్లో కాలిఫోర్నియాలో ఎడ్ హెడ్రిక్ అనే ఆయన తయారుచేశాడు. ఇప్పుడు ఆట రూల్స్ రాసే సంఘం పీడీజీఏ కూడా 1976లో ఆయన మొదలుపెట్టిందే. ఇక్కడ చాలా పార్కుల్లో డబ్బులు కట్టక్కర్లేదు. లాప్‌టాప్ మూసేశాక మా రూమ్మేటూ నేనూ వెళ్లి ఆడుకునేవాళ్లం. ఈ ఏడాది వారం వారం జరిగే లీగ్‌లో కూడా చేరాం. గొడవంతా అక్కడే మొదలైంది.

ఎందుకంటే సరదాగా ఆడుకునేటప్పుడు రూల్స్ ఎవరికి కావాలి? ఖమ్మంలో మా గల్లీ క్రికెట్‌లో బ్యాట్ ఎవరిదైతే రూల్స్ వాడివి. లీగ్‌లో అలా కుదరదు. విసిరాక పడిన డిస్క్‌నే మార్కర్‌గా వదిలేయొచ్చు, లేదా దాని ముందు ఆనించి చిన్న మార్కర్ పెట్టుకోవచ్చు. దాని వెనక 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవు ఉన్న చోటే మీది. దాదాపు ఒక ఏ4 కాగితం అంత. డిస్క్ చేతిలోంచి వదిలే క్షణానికి కాలు ఆ కాగితం మీద ఉండాలి. బుట్టకు 10 మీటర్ల లోపలుంటే ఇంకో షరతు: విసిరాక మార్కర్ వెనకే తూలకుండా నిలబడి చూపించాలి, ఆ తర్వాతే ముందుకు అడుగు. తప్పితే ఒక పెనాల్టీ త్రో. డిస్క్ పోతే వెతకడానికి మూడు నిమిషాలు. మీ వంతు వచ్చి అంతా సిద్ధంగా ఉంటే విసరడానికి 30 సెకన్లు.

ఇవన్నీ ఒక్క రోజులో నేర్చుకోవచ్చు. కష్టమైంది వేరే ఉంది. ఈ ఆటలో మన పక్కన అంపైర్ నడవడు. గ్రూపులో ఉన్న నలుగురే ఆటగాళ్లు, ఆ నలుగురే అంపైర్లు. తప్పు కనిపిస్తే అప్పటికప్పుడే చెప్పాలి. ఒకరు చెబితే సరిపోదు, ఇంకొకరు ‘అవును, నేనూ చూశా’ అనాలి. దాన్ని ‘సెకండ్’ చేయడం అంటారు. ఆ రెండో గొంతు లేకపోతే మొదటి గొంతు గాలికి పోయినట్టే.

ఆ గురువారం చివరి బుట్ట దగ్గర జరిగింది ఇదే. మావాడు ఏడు మీటర్ల నుంచి విసిరాడు. గొలుసులు ఝల్లుమన్నాయి. సంతోషంలో తూలి, కుడికాలు మార్కర్ దాటి ముందుకేశాడు. మా గ్రూపులో ఉన్న రిటైరైన పెద్దాయన మెల్లగా ‘అది ఫాల్ట్’ అన్నాడు. కోపం లేదు, వెటకారం లేదు. తర్వాత మా వైపు తిరిగి ‘ఎవరైనా చూశారా?’ అని అడిగాడు. నాలుగోవాడు, కాలేజీ కుర్రాడు, బ్యాగులో ఏదో వెతుక్కుంటున్నాడు. మిగిలింది నేను.

సరిగ్గా చూళ్లేదు అన్నాను.

మావాడు ఒక్క త్రో తేడాతో గెలిచాడు. పెనాల్టీ పడి ఉంటే ఆ కుర్రాడితో సమానమయ్యేవాడు. కుర్రాడు నవ్వుతూ షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. పెద్దాయన మారు మాట్లాడకుండా స్కోరు రాసుకున్నాడు. నన్ను నిలదీసి ఉంటే బాగుండేది.

కార్లో మావాడు ‘థ్యాంక్స్ రా మామా’ అన్నాడు. అంటే వాడికీ తెలుసు. ఆ థ్యాంక్స్ నాకు అరగలేదు.

ఆఫీసులో నా పనిలో సగం కోడ్ రివ్యూనే. ఒకరు రాసిన కోడ్‌ని ఇంకొకరు చూసి ఓకే అంటేగానీ ముందుకు పోదు. ఫ్రెండ్ రాశాడని చదవకుండా ఓకే కొట్టేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఏ అర్ధరాత్రో ఫోన్ మోగుతుంది. పార్కులో ఫోన్ మోగదు. ఎవరో ఒక కుర్రాడు తనకు రావాల్సింది రాకుండా నవ్వుతూ ఇంటికెళ్తాడు. అంతే తేడా.

తర్వాతి వారం మళ్లీ అదే జరిగింది. ఈసారి ఐదో బుట్ట, మళ్లీ మావాడే, మళ్లీ అదే కాలు. నా నోట్లోంచి ‘ఫాల్ట్’ అని వచ్చేసింది. ఆ రోజు మాతో ఆడుతున్న ఒకామె వెంటనే సెకండ్ చేసింది. ఒక త్రో కలిసింది. మావాడు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కార్లో ఒక్క మాట లేదు. ఇంటికొచ్చాక ‘నువ్వే చెప్పాలా?’ అన్నాడు. ‘నేనే చెప్పాలి. ఎదురుగా నిలబడింది నేనే కదా’ అన్నాను. రెండు రోజులు వంట ఎవరిది వాళ్లం చేసుకున్నాం.

ఈ రెండు నెలల్లో నాకు అర్థమైనవి కొన్ని చెబుతాను. మీరు ఏ ఆట ఆడినా పనికొస్తాయి. ఆట మొదలయ్యే ముందే ‘ఇవాళ రూల్స్ అందరికీ ఒకటే’ అని ఒక మాట అనుకోండి. అప్పుడు మధ్యలో చెప్పడం పగలా అనిపించదు. చూసిన వెంటనే చెప్పండి, స్కోరు చూసుకుని కాదు. ‘నువ్వు మోసం చేశావ్’ అనకండి, ‘కాలు దాటింది’ అనండి. చూడలేదా? చూడలేదనే చెప్పండి. గ్రూపు ఎటూ తేల్చలేకపోతే విసిరినవాడికే మేలు జరగాలని రూల్సే చెబుతున్నాయి. అనుమానం ఉంటే వదిలేయడం తప్పు కాదు. అనుమానం లేకుండా వదిలేయడమే తప్పు.

మూడో రోజు సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి హాల్లో కార్పెట్ మీద ఒక ఏ4 కాగితం టేప్ వేసి ఉంది. మావాడు దాని మీద ఒంటికాలి మీద నిలబడి, సోఫాలోకి డిస్క్ విసిరి, కొంగలా అలాగే ఆగాడు.

‘చూడరా, కదిలానా?’

‘కదిలావ్’ అన్నాను.

‘సరే, మళ్లీ చూడు’ అని ఇంకో డిస్క్ తీసుకున్నాడు.