పదో తరగతి నర్సమ్మ ఏమైపోవాలి?

2023 ఆగస్టులో తెలంగాణలో సెకండ్ ఎ.ఎన్.ఎం.లు సమ్మె చేసినప్పుడు, ఒక జిల్లా కేంద్రంలో వాళ్లు వేసుకున్న టెంటులో రెండు రోజులు కూర్చున్నాను. వాళ్ల ప్రధానమైన డిమాండు ఒకటే. ఏళ్ల తరబడి తాము చేస్తున్న ఉద్యోగానికే మళ్లీ పరీక్ష రాయమనకుండా రెగ్యులరైజ్ చేయాలి. ప్రభుత్వం మాత్రం నోటిఫికేషన్ ఇచ్చామనీ, రాత పరీక్ష తప్పదనీ, చేసిన సర్వీసుకు కొన్ని మార్కులు కలుపుతామనీ అంటోంది. నా పక్కన కూర్చున్నామెకు నలభై దాటాయి. మధ్యలో ఒకసారి నా వైపు తిరిగి, "నా దగ్గర సూదేసుడు నేర్చుకున్న పిల్ల, నేను ఒక్క హాల్ల కూసోని పరీక్ష రాయాల్నట మేడం. ఆ పిల్ల నిన్నగాక మొన్న చదివింది. నేను పుస్తకం మూసి ఇరవై ఏండ్లాయె" అంది. అందులో కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా వినిపించింది నాకు.

ఆ మాటను చాలామంది మామూలు సర్వీసు వ్యవహారంగా, యూనియన్లు చూసుకోవలసిన విషయంగా తీసుకుంటారు. స్త్రీల సంఘాలలో పనిచేసే మనం కూడా దాదాపు అలాగే తీసుకున్నాం. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తల గురించి రాసినంతగా మనం ఎ.ఎన్.ఎం.ల గురించి రాయలేదు. వాళ్లకి జీతం వస్తుంది కదా, చేతిలో సర్టిఫికెట్ ఉంది కదా అనుకున్నాం. ఆ సర్టిఫికెట్ విలువ వాళ్ల చేతుల్లో ఉండగానే ఎలా కరిగిపోతోందో గమనించలేదు.

కాస్త వెనక్కి వెళ్లాలి. మన దేశంలో ఆక్సిలరీ నర్స్ మిడ్‌వైఫ్ శిక్షణ 1951లో పంజాబ్‌లోని తరన్ తారన్‌లో ఒక మిషన్ ఆసుపత్రిలో మొదలైంది. పూర్తిస్థాయి నర్సులు పల్లెలకు చాలరు కనుక ఏడెనిమిది తరగతులు చదివిన ఆడపిల్లలకు రెండేళ్లు నేర్పి పంపాలన్నది ఆలోచన. ఆ శిక్షణలో కాన్పులకే పెద్ద పీట. 1973లో కర్తార్ సింగ్ కమిటీ నివేదిక వచ్చింది. మలేరియాకొకరు, మశూచికొకరు, కుటుంబ నియంత్రణకొకరు కాకుండా అన్నీ చేసే "బహుళార్థ" కార్యకర్త ఉండాలంది. దాంతో 1977లో ఎ.ఎన్.ఎం. కోర్సు పద్దెనిమిది నెలలకు తగ్గింది. ప్రవేశానికి పదో తరగతి కావాలన్నారు. కాన్పులకున్న శిక్షణ కాలం కుదించుకుపోయింది. అర్హత పెరిగి శిక్షణ తగ్గడమన్న విచిత్రం అక్కడ మొదలైంది.

తరువాతి ఇరవై ఏళ్లూ ఆమె చేత చేయించిన ముఖ్యమైన పని ట్యూబెక్టమీ కేసులు తేవడం. 1996 ఏప్రిల్‌లో టార్గెట్లను కాగితం మీద రద్దు చేసేదాకా ఆమె జీతం, బదిలీ, పరువు అన్నీ ఆ లెక్కకే ముడిపడి ఉండేవి. స్త్రీల ఉద్యమం ఆ రోజుల్లో కుటుంబ నియంత్రణ విధానాన్ని సరిగ్గానే విమర్శించింది. కాని ఆ విధానాన్ని మోసిన మనిషి కూడా స్త్రీయే అన్న విషయం మీద తగినంత దృష్టి పెట్టలేదు. ఊరివాళ్ల తిట్లూ ఆమెకే, పై అధికారి మెమోలూ ఆమెకే.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చింది. సబ్ సెంటర్లలో రెండో ఎ.ఎన్.ఎం.ను కాంట్రాక్టు మీద పెట్టారు. అదే సంవత్సరం జననీ సురక్షా యోజన వచ్చి కాన్పులన్నీ ఆసుపత్రులకు తరలాయి. తల్లుల మరణాలు తగ్గాయి, దాన్ని తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. కాని సబ్ సెంటర్‌లో కాన్పు చేసే మనిషిగా ఎ.ఎన్.ఎం. క్రమంగా కనుమరుగైంది. కాన్పు పోసిన చేతులు రిజిస్టర్లు రాయడానికి, ఆ తరువాత ట్యాబులో అంకెలు ఎక్కించడానికి మళ్లాయి. 2016లో 'అన్‌మోల్' యాప్‌ను మొట్టమొదట ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలుపెట్టారు. ఒక సబ్ సెంటర్‌లో నేను చూసినంతలో అదే వివరాన్ని పుస్తకంలో ఒకసారి, ట్యాబులో ఒకసారి, నెలాఖరు రిపోర్టులో మూడోసారి రాస్తున్నారు. సిగ్నల్ లేని రోజున ట్యాబు పని ఇంటికి తీసుకెళ్లి రాత్రి వంటయ్యాక చేస్తారు. ఆ గంటలు ఏ హాజరు పట్టీలోనూ ఎక్కవు.

ఇక అసలు సంగతికి వద్దాం. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2012-13 ప్రాంతంలో ఎ.ఎన్.ఎం. కోర్సును మళ్లీ రెండేళ్లు చేసి, ప్రవేశానికి ఇంటర్ పాస్ కావాలంది. మన రాష్ట్రాల్లో ఇంటర్ ఒకేషనల్‌లో ఈ కోర్సు చదివి, ఏడాది ఆసుపత్రి శిక్షణ పూర్తి చేసి వచ్చేవాళ్లూ ఉన్నారు. 2018 నుంచి సబ్ సెంటర్లను హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లుగా మార్చారు. వాటి పేరు 2023లో ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అయింది. అందులో ఎ.ఎన్.ఎం.కు పైన కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ అనే కొత్త పోస్టు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎం.ఎల్.హెచ్.పి. పేరుతో బి.ఎస్సీ. నర్సింగ్ చదివినవారిని ఆ స్థానంలో తీసుకున్నారు. తెలంగాణ పల్లె దవాఖానాల్లో డాక్టర్లనూ, ఆయుష్ వారినీ, నర్సులనూ కూడా తీసుకున్నారు. ఇరవై ఏళ్లుగా ఆ ఊళ్లో గడపగడపా తెలిసిన ఎ.ఎన్.ఎం. ఆ పోస్టుకు అర్హురాలు కాదు. కొత్తగా వచ్చిన అమ్మాయికి ఏ వీధిలో ఎవరికి బి.పి. ఉందో, ఏ ఇంట్లో కోడలికి మూడోసారీ గర్భం పోయిందో చెప్పవలసింది మాత్రం ఆమే. ఆ అమ్మాయి మీద నాకు ఫిర్యాదేమీ లేదు. ఆమె కూడా ఎక్కువ చోట్ల కాంట్రాక్టు మీదే ఉంది.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది మరొకటి. కేంద్ర ప్రభుత్వం 2018 డిసెంబరులో మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు ప్రకటించింది. కాన్పులను అనవసరమైన ఆపరేషన్లవైపు నెట్టకుండా మిడ్‌వైఫ్‌ల చేతుల్లో పెట్టాలన్నది ఎంతో మంచి ఆలోచన. సిజేరియన్లు విపరీతంగా జరిగే తెలంగాణ అంతకుముందే, 2017లోనే ఆ దారి పట్టింది. కాని ఆ పద్దెనిమిది నెలల శిక్షణకు వెళ్లాలంటే జి.ఎన్.ఎం. గాని, బి.ఎస్సీ. నర్సింగ్ గాని ఉండాలి. పేరులోనే మిడ్‌వైఫ్ అని ఉన్న మనిషికి అందులో చోటు లేదు. ముందు ఆమె కోర్సులోంచి కాన్పుల శిక్షణ తగ్గించారు. తరువాత ఆమె దగ్గరికి కాన్పులు రాకుండా చేశారు. చివరికి ఆమెకు కాన్పులు చేసే అర్హత లేదన్నారు. ఈ మూడు నిర్ణయాల్లో ఏ ఒక్కటీ ఆమె తీసుకున్నది కాదు.

ఇది ఒక్క మన దగ్గరే జరిగింది కాదు. ఇంగ్లండులో రెండేళ్ల శిక్షణతో 'ఎన్‌రోల్డ్ నర్స్' అనే తరగతి ఉండేది. 1986 నాటి ప్రాజెక్ట్ 2000 ప్రతిపాదనల తరువాత ఆ శిక్షణను ఎత్తివేశారు. ఉన్నవాళ్లు పూర్తి నర్సులుగా మారడానికి కన్వర్షన్ కోర్సులు పెట్టారు గాని సీట్లు చాలక ఎంతోమంది ఏళ్లకేళ్లు వేచి ఉండాల్సి వచ్చింది. ఆ ఎన్‌రోల్డ్ నర్సుల్లో కరీబియన్ దీవుల నుంచి వచ్చిన నల్లజాతి స్త్రీలు ఎందరో. వాళ్లలో చాలామందిని తేడా ఏమిటో చెప్పకుండానే ఆ చిన్న కోర్సులోకి పంపారు. మన ఎ.ఎన్.ఎం.లలో దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల ఆడపిల్లలు ఎందుకు ఎక్కువగా కనబడతారో ఆలోచిస్తే ఈ పోలిక కొత్తగా అనిపించదు. పదో తరగతి పాసై, ఇంట్లో పెళ్లి మాట మొదలయ్యేలోపు ఒక జీతం దొరికే దారి అదొక్కటే అయిన అమ్మాయిలు వీళ్లు. ఇంటర్ తప్పనిసరి చేసినప్పుడు ఆ దారి రెండేళ్లు పొడవైంది. ఏజెన్సీలో ఆ రెండేళ్లంటే ఏమిటో అక్కడ పనిచేసే మిత్రులకు నేను చెప్పనక్కర్లేదు.

అర్హతలు పెంచడం తప్పా అని అడుగుతారు. తప్పు కాదు. పల్లెలో పేదరాలికి దొరికే నర్సుకు తక్కువ చదువు చాలు అనే మాటను మనం ఎప్పుడూ ఒప్పుకోకూడదు. నర్సు చదువుకుంటే రోగికీ లాభం, డాక్టరు ముందు తలెత్తుకు నిలబడే ఆమెకూ లాభం. నా అభ్యంతరం వేరు. అర్హత పెంచిన ప్రతిసారీ దాని ఖర్చు ఎవరు భరించారు? ప్రభుత్వం కాదు, కౌన్సిల్ కాదు. అప్పటికే ఉద్యోగంలో ఉన్న స్త్రీ తన వయసుతో, సర్వీసుతో భరించింది.

పైకి వెళ్లడానికి దారి లేదా అంటే, కాగితం మీద ఉంది. రిజిస్టరైన ఎ.ఎన్.ఎం. జి.ఎన్.ఎం.లో చేరవచ్చు. మామూలు అభ్యర్థులకు ముప్ఫై ఐదేళ్ల పరిమితి ఉంటే ఎ.ఎన్.ఎం.లకు అసలు వయోపరిమితి లేదని నర్సింగ్ కౌన్సిల్ నిబంధనే చెబుతోంది. జి.ఎన్.ఎం. అయ్యాక రెండేళ్ల పోస్ట్ బేసిక్ చదివితే బి.ఎస్సీ. కూడా వస్తుంది. టెంటులో ఈ మాట చెబితే ఒకామె నవ్వింది. జి.ఎన్.ఎం. అంటే మూడేళ్లు పూర్తిగా కాలేజీలో ఉండాలి. కాంట్రాక్టు మనిషికి జీతంతో కూడిన చదువు సెలవు ఎవరిస్తారు? మూడేళ్లు ఉద్యోగం వదిలితే తిరిగి తీసుకుంటారన్న హామీ ఏది? ముసలి అత్తగారిని ఎవరు చూస్తారు? ఆ నవ్వుకు నా దగ్గర జవాబు లేకపోయింది. పైగా జి.ఎన్.ఎం.నే ఎత్తివేస్తామని కొన్నేళ్ల క్రితం కౌన్సిల్ ప్రకటించి, తరువాత వెనక్కి తగ్గింది. అడుగు వేయబోయే మెట్టు ఉంటుందో ఊడుతుందో తెలియకుండా ఎవరు అప్పు చేసి చదువుతారు? 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. ప్రమాణాలు, రిజిస్టర్లు, ప్రవేశాలు అన్నీ ఇక దాని కిందికి వస్తాయి. కొత్త నియమాలు రాసేటప్పుడు పాత ఎ.ఎన్.ఎం.ల మాట చెప్పేవాళ్లు ఆ గదిలో ఉండాలి.

ప్రైవేటు ఆసుపత్రులలో పనిచేసే ఎ.ఎన్.ఎం.ల స్థితి ఇంకా అన్యాయం. తెల్ల డ్రెస్సు వేసి సిస్టర్ అని పిలిపిస్తారు, జీతం మాత్రం ఆయాకిచ్చినంత. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశం మేరకు వేసిన కమిటీ, యాభై పడకల లోపు ఆసుపత్రిలో కూడా నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. చిన్న పట్టణాల నర్సింగ్ హోముల్లో ఆ మాట విన్నవాళ్లు నాకు తగల్లేదు.

మనం అడగవలసినవి కొన్ని స్పష్టంగానే ఉన్నాయి. పనిచేస్తున్న ఎ.ఎన్.ఎం.కు జీతంతో కూడిన చదువు సెలవు ఇవ్వాలి, అది కాంట్రాక్టు వారికీ వర్తించాలి. ఆమె చేసిన కాన్పులనూ, మూడు వారాల ఎస్.బి.ఎ. శిక్షణనూ లెక్కలోకి తీసుకుని కుదించిన బ్రిడ్జి కోర్సు పెట్టాలి, మిడ్‌వైఫరీ శిక్షణకూ అదే ద్వారం తెరవాలి. పరీక్ష పెట్టక తప్పదంటే సర్వీసు విలువ నామమాత్రం కాకుండా ఉండాలి, ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉండాలి. రోజూ రోగితో తెలుగులో మాట్లాడే మనిషి జ్ఞానాన్ని ఇంగ్లీషులో కొలవడం ఏమి న్యాయం?

ఇవి సాధించేలోగా ఊళ్లల్లో పనిచేసే మిత్రులు చేయగలిగిన చిన్న పనులున్నాయి. నర్సింగ్ అని బోర్డు పెట్టి ఆరు నెలల్లో సర్టిఫికెట్ ఇస్తామనే సంస్థలకు ఫీజు కట్టేముందు, ఆ సంస్థకు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో అమ్మాయిల చేత కనుక్కునేలా చేయండి. ఆ కాగితంతో రిజిస్ట్రేషన్ రాదని తెలిసేసరికి తల్లి పుస్తెలు తాకట్టులో ఉంటాయి. ఉద్యోగంలో ఉన్నవారు రిజిస్ట్రేషన్ గడువు తప్పిపోకుండా చూసుకోవాలి. 2014కు ముందు ఉమ్మడి రాష్ట్రంలో నమోదైనవారు తమ పేరు ఇప్పుడు ఏ రాష్ట్ర కౌన్సిల్ రిజిస్టర్‌లో ఉందో సరిచూసుకోవాలి. అయిదేళ్లకోసారి రెన్యూవల్‌కు నూట యాభై గంటల నిరంతర విద్య కావాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన పెట్టింది కనుక, హాజరైన ప్రతి శిక్షణకూ కాగితం అడిగి తీసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం సర్వీసు సర్టిఫికెట్. మెడికల్ ఆఫీసరు మారేలోపు, ఏజెన్సీ చేతులు మారేలోపు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ సబ్ సెంటర్‌లో పనిచేశారో రాయించుకుని సంతకం పెట్టించుకోవాలి. వెయిటేజీ మార్కుల దగ్గర ఓడిపోయినవారిలో కొందరు పని చేయక కాదు, చేసినట్టు కాగితం లేక ఓడిపోయారు.

టెంటులో నా పక్కన కూర్చున్నామె పరీక్ష రాసింది. అది 2024 డిసెంబరు 29, ఆదివారం. ముందు రోజు శనివారం, టీకాల రోజు. మధ్యాహ్నం దాకా పిల్లలకు టీకాలు వేసి, మిగిలిన వయల్స్ ఐస్ బాక్సులో పి.హెచ్.సి.కి పంపి, ట్యాబులో పేర్లన్నీ ఎక్కించి, సాయంత్రం బస్సు ఎక్కింది. పుస్తకం సంచిలోనే ఉందిగాని తీయలేదట, దారంతా నిద్రపోయిందట.