గది మనది, తాళంచెవి ఎవరిది?

నేను హాస్టల్లో చేరిన రోజు మా నాన్న ట్రంకు పెట్టె కొనిచ్చి, దాని తాళంచెవిని నల్లదారంతో నా మెడలో వేశాడు. "పెట్టె ఎక్కడున్నా సరే, చెవి మాత్రం నీ దగ్గరుండాలి" అన్నాడు. అందరం వరుసగా పడుకునే హాలులో నాకంటూ ఉన్న చోటు ఆ పెట్టె ఒక్కటే. అందుకే సెల్‌ఫోన్‌తో నడిచే హోటళ్ల గురించి చదివినప్పుడు నాకు మొదట ఒకటే సందేహం వచ్చింది. ఆ గది తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?

ఇలాంటి హోటల్లో కౌంటరు దగ్గర మనిషితో పని లేదు. తలుపు, లైటు, ఏసీ, కర్టెన్లు అన్నీ ఫోన్ మాట వింటాయి. ఇది సౌకర్యమే, కాదనను. లేవలేని వృద్ధులు మంచం మీద నుంచే లైటు ఆర్పుకోగలిగితే మంచిదే. కానీ తలుపు ఎన్ని గంటలకు తెరుచుకుందో, లైటు ఎప్పుడు ఆరిందో హోటల్ కంప్యూటరులో నమోదు కావచ్చు. పాత తాళంచెవికి జ్ఞాపకశక్తి లేదు. కొత్తదానికి ఉంది.

ఇది వట్టి భయం కాదు. చైనాలోని షెన్‌జెన్ నగరంలో ఒక ఖరీదైన హోటల్ ప్రతి గదిలోనూ ఐప్యాడ్ పెట్టింది. అక్కడ బస చేసిన భద్రతా నిపుణుడు హెసూస్ మోలినా ఇతరుల గదుల లైట్లు, టీవీలు కూడా తన గది నుంచే నడపవచ్చని కనుగొని, 2014లో నిపుణుల సదస్సులో వివరించాడు. ఆజ్ఞ ఇస్తున్నది ఎవరని ఆ వ్యవస్థ అప్పట్లో అడిగేదే కాదు!

జపాన్‌లోని నాగసాకిలో 2015లో రోబోలే సిబ్బందిగా 'హెన్ నా హోటల్' మొదలైంది. గదిలోని బొమ్మ రోబో అతిథి గురకను మాటలనుకొని నిద్ర లేపిందన్న వార్త చదివి నవ్వుకున్నాను. కానీ 2019లో బయటపడిన సంగతి నవ్వేది కాదు. టోక్యో దగ్గర అదే సంస్థ నడిపే హోటల్లో మంచం పక్కన ఉండే రోబోను ముందు దిగినవాడు మార్చిపెట్టి వెళితే, తర్వాత దిగినవారిని దూరం నుంచి చూడవచ్చట, వినవచ్చట. యాజమాన్యం క్షమాపణ చెప్పింది. గోడలకు చెవులుంటాయని పెద్దలన్నారు. ఇప్పుడు వాటికి కళ్లు కూడా వచ్చాయి.

"తప్పు చేయనివాడికి భయమెందుకు?" అంటారు కొందరు. నా పెట్టెలో దొంగసొమ్మేమీ లేదు. రెండు జతల బట్టలు, ఒక డైరీ, అమ్మ ఫోటో ఉన్నాయి. అయినా తాళం వేస్తాను. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. అది బంగళాలో ఉండేవారికే కాదు, ఒక్క రాత్రికి గది అద్దెకు తీసుకున్నవారికీ వర్తించాలి.

కాబట్టి ఏ హోటల్ అయినా కొన్ని నియమాలు పాటించాలని నా అభిప్రాయం. పడకగదిలో కెమెరా, మైకు ఉండరాదు. ఫోన్‌తో పని లేకుండా చేత్తో వేసే గడియ, స్విచ్చి ఉండాలి. చట్టం ఉంచమన్న వివరాలు తప్ప మిగిలినవి అతిథి వెళ్లగానే చెరిపేయాలి. స్మార్ట్‌ఫోన్ లేని పేదవాడు వచ్చినా తలుపు తీయడానికి ఒక మనిషి ఉండాలి.

మిత్రులారా! రేపు మనలో కొందరు ఇంజనీర్లమై ఇలాంటి తాళాలే తయారు చేస్తాం. ఆనాడు మన మెడలోని నల్లదారాన్ని మరచిపోకూడదు. గదిలో ఎవరుంటే తాళంచెవి వారి చేతిలోనే ఉండాలి.