నెట్ పోతే ప్లేయర్ చెడ్డోడైపోతాడా?

మా చిన్నమ్మ కొడుకు ఉండేది చేవెళ్లలో, చదివేది మొయినాబాద్ దగ్గర ఇంజినీరింగ్ సెకండియర్. స్క్వాడ్‌లో వాడిది సపోర్ట్ రోల్. కిల్స్ పెద్దగా ఉండవు గానీ, ఎవరైనా నాక్ అయితే లేపడానికి ముందు ఉరికేది వాడే. అలాంటి వాడి అకౌంట్‌కి గత నెల ఒక గేమ్ "మ్యాచ్ మధ్యలో వదిలేసి పోయే రకం" అని ముద్ర కొట్టింది. ఆ గేమ్ పేరు చెప్పను, ఎందుకంటే ఇది ఒక్క గేమ్‌తో పోయే సమస్య కాదు.

జరిగింది ఇది. ఒకే వారంలో మూడు డిస్‌కనెక్ట్‌లు. మొదటిసారి కరెంటు పోయి రౌటర్ ఆగిపోయింది. రెండోసారి వాళ్ల డాడీ పొలం నుంచి ఫోన్ చేసి బోరు మోటర్ బంద్ చేయమన్నాడు. కాల్ ఎత్తగానే గేమ్ బ్యాక్‌గ్రౌండ్‌కి పోయింది, వాడు మోటర్ దగ్గరికి పోయాడు. మూడోసారి మెహిదీపట్నం నుంచి వచ్చే బస్సులో సిగ్నల్ పోయింది. బస్సులో ర్యాంక్డ్ పెట్టడం మాత్రం వాడి తప్పే, నేనే తిట్టాను. కానీ మూడింటికీ కలిపి పడిన శిక్ష ఏంటంటే, స్కోర్ పడిపోయి ర్యాంక్డ్ మ్యాచ్‌లు బంద్. అదీ కాలేజీ టోర్నీకి ప్రాక్టీస్ చేసే వారంలో. స్క్వాడ్ వాళ్లు రెండు రోజులు ఆగి వేరే వాణ్ని తీసుకున్నారు. వాళ్లనీ అనలేం.

"నెట్ పోయింది అన్నా, నేను పోలే" అన్నాడు వాడు. రెప్యుటేషన్ సిస్టమ్స్‌లో ఉన్న అసలు లోపం ఆ ఒక్క మాటలో ఉంది.

స్కోర్లు వద్దని కాదు

ముందే ఒక మాట. ఈ సిస్టమ్స్ అవసరమే. ఓడిపోతున్నామని తెలియగానే ఎగ్జిట్ కొట్టేవాళ్లు, కావాలని టీమ్‌మేట్‌ని కాల్చేవాళ్లు, మైక్ ఆన్ చేసి అమ్మనాన్నల్ని తిట్టేవాళ్లు మనందరికీ తగిలారు. బీజీఎంఐలో మెరిట్, డోటా 2లో బిహేవియర్ స్కోర్, కౌంటర్ స్ట్రైక్‌లో ట్రస్ట్ ఫ్యాక్టర్ వచ్చింది వీళ్ల కోసమే. అవి లేకపోతే రాండమ్ టీమ్‌తో ఆడటం నరకం.

నా అభ్యంతరం స్కోర్ ఉండటం మీద కాదు. అది దేన్ని కొలుస్తోంది, ఆ లెక్క మనకి చెబుతోందా లేదా అన్నదాని మీద.

సర్వర్‌కి మనం కనిపించం

గేమ్ సర్వర్‌కి తెలిసేది మన ఫోన్ నుంచి వచ్చే డేటా ప్యాకెట్లు మాత్రమే. అవి ఆగిపోతే టైమర్ మొదలవుతుంది, టైమ్ దాటితే "వెళ్లిపోయాడు" అని రాసుకుంటుంది. ఎగ్జిట్ బటన్ నొక్కి వెళ్తే, యాప్ ఆ విషయం సర్వర్‌కి చెప్పి వెళ్లగలదు. కరెంటు పోయినప్పుడు చెప్పడానికి ఎవరూ ఉండరు. వైఫై పోయి ఫోన్ మొబైల్ డేటాకి మారితే ఐపీ అడ్రస్ మారిపోతుంది, పాత కనెక్షన్ తెగి మళ్లీ మొదటి నుంచి కలవాలి. ఇవన్నీ వేర్వేరు సంఘటనలు. స్కోర్‌లో మాత్రం అన్నీ ఒకే మైనస్.

రూల్ అందరికీ ఒకటే కదా అంటారు. నిజమే, కానీ గచ్చిబౌలిలో ఫైబర్, ఇన్వర్టర్ ఉన్న ఫ్లాట్‌లో ఆడేవాడికి ఆ రూల్ నెలలో ఒక్కసారి కూడా తగలకపోవచ్చు. చేవెళ్లలో మా వాడికి గాలివాన వచ్చిన ప్రతిసారీ తగులుతుంది. ప్రవర్తనని కొలుస్తున్నాం అనుకుంటూ, తెలియకుండానే ప్లేయర్ ఉండే ఊరిని కొలుస్తున్నాం.

"మరి అందరూ నెట్ ఆపేస్తారు"

దీనికి డెవలపర్లు చెప్పే సమాధానం ఒకటుంది, అది తీసిపారేసేది కాదు. డిస్‌కనెక్ట్‌లని క్షమిస్తే, ఓడిపోయే ప్రతివాడూ ఏరోప్లేన్ మోడ్ ఆన్ చేసి "నెట్ పోయింది బ్రో" అంటాడు. కరెంట్ కట్, ఏరోప్లేన్ మోడ్ సర్వర్‌కి ఒకేలా కనిపిస్తాయి. ఒక్క మ్యాచ్ చూసి ఏది నిజమో చెప్పడం కష్టం.

కానీ ఇరవై మ్యాచ్‌లు చూస్తే చాలా వరకు తెలుస్తుంది. పారిపోయేవాడు ఓడిపోతున్నప్పుడే పోతాడు. కరెంటు గెలుస్తున్నప్పుడు కూడా పోతుంది. ఇంకో గుర్తు, తిరిగి రావడం. పారిపోయినవాడు అదే మ్యాచ్‌లోకి మళ్లీ ఎందుకొస్తాడు? నెట్ పోయినవాడు హాట్‌స్పాట్ పెట్టుకుని రెండు నిమిషాల్లో వచ్చే ప్రయత్నం చేస్తాడు. ఈ డేటా అంతా సర్వర్ లాగ్స్‌లో ఉంటుంది. స్కోర్ లెక్కలో వాడటమే మిగిలింది.

ఇంకో సంగతి కూడా ఉంది. మధ్యలో ఒకడు పోతే మిగతా టీమ్‌కి నష్టమే, కారణం ఏదైనా సరే. దానికి పరిష్కారం పోయినవాణ్ని ఇంకా గట్టిగా కొట్టడం కాదు, ఉన్నవాళ్లని కాపాడటం. వాలరెంట్‌లో మొదట్లోనే ఒకరు లేకపోతే రీమేక్‌కి ఓటు వేయొచ్చు. డోటా 2లో ఒక ప్లేయర్ డిస్‌కనెక్ట్ అయి 5 నిమిషాలు దాటితే, మిగతావాళ్లు శిక్ష లేకుండా వెళ్లిపోవచ్చు. ఆ దారి ఉన్నప్పుడు, పోయినవాడి సంగతి నిదానంగా, సాక్ష్యం చూసి తేల్చొచ్చు.

కనిపించని మార్కులు

చిలుకూరు బాలాజీ మా మొయినాబాద్ మండలంలోనే. అక్కడికి వీసా కోసం వచ్చేవాళ్లకి లెక్క క్లియర్‌గా ఉంటుంది: మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. మా వాడికి ఆ భాగ్యం కూడా లేదు. ఎన్ని మ్యాచ్‌లు బుద్ధిగా ఆడితే స్కోర్ తిరిగొస్తుందో వాడి గేమ్ ఎక్కడా రాయలేదు.

కొన్ని గేమ్స్ కావాలనే చెప్పవు. వాల్వ్ 2017లో తెచ్చిన ట్రస్ట్ ఫ్యాక్టర్‌లో మీ నంబర్ మీకు కనిపించదు. లెక్క బయటపెడితే జనం దాన్ని మోసం చేస్తారన్నది వాదన. చీటర్ల విషయంలో ఒప్పుకుంటా. కానీ తక్కువ ట్రస్ట్ ఉన్న ఫ్రెండ్‌తో లాబీలో కూర్చుంటే, మీ మ్యాచ్ క్వాలిటీ తగ్గొచ్చని గేమ్ హెచ్చరిస్తుంది. అంటే కారణం చెప్పదు గానీ, ఫలితం మాత్రం ఫ్రెండ్స్ ముందు పెడుతుంది. స్క్వాడ్‌లోంచి బయటికి పోయే మొదటి మెట్టు అదే.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఎక్స్‌బాక్స్ 2023 ఆగస్టులో స్ట్రైక్ సిస్టమ్ తెచ్చింది. మొత్తం 8 స్ట్రైక్‌లు, ఒక్కోటి 6 నెలలు రికార్డులో ఉంటుంది. మీ మీద ఎన్ని ఉన్నాయో మీరే చూసుకోవచ్చు, అప్పీల్ చేసుకోవచ్చు. కఠినమైనదే, కానీ కళ్లకి గంతలు కట్టి కొట్టదు.

మన దేశంలో ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. లోన్ కోసం చూసే సిబిల్ స్కోర్, 300 నుంచి 900. దాని మీద కూడా జనానికి కోపమే. అయినా ఏడాదికోసారి పూర్తి రిపోర్ట్ ఫ్రీగా తీసుకోవచ్చు, తప్పుంటే ఫిర్యాదు చేయొచ్చు. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకి రూ.100 పరిహారం ఇవ్వాలని ఆర్‌బీఐ 2023లో చెప్పింది. బ్యాంకు స్కోర్‌కి ఉన్న మర్యాదలో పదోవంతు గేమ్ స్కోర్‌కి ఎందుకు ఉండకూడదు? గేమే కదా అనే రోజులు పోయాయి. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ-స్పోర్ట్స్‌ని అధికారికంగా గుర్తించింది. దాన్ని కెరీర్‌గా చూసే పిల్లలకి, స్కోర్ పడిపోవడం అంటే టీమ్‌లో సీటు పోవడం.

నేను అడిగేవి నాలుగే

ఒకటి, ఎగ్జిట్ నొక్కి పోయినవాడికీ కనెక్షన్ తెగినవాడికీ వేర్వేరు లెక్క పెట్టండి. తిరిగొచ్చినవాడికి కోత తగ్గించండి.

రెండు, స్కోర్ తగ్గిన ప్రతిసారీ ఏ మ్యాచ్, ఏ కారణం, ఎన్ని పాయింట్లు, ఎలా తిరిగొస్తాయి అన్నది ఒక్క లైన్‌లో చూపించండి. తెలుగులో చూపిస్తే ఇంకా మంచిది.

మూడు, ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి నాలుగో రాండమ్ ప్లేయర్‌ని రిపోర్ట్ కొడితే అది మూడు రిపోర్ట్‌లు కాదు, ఒకటే.

నాలుగు, అప్పీల్ బటన్ పెట్టండి. అవతల బాట్ కాకుండా మనిషి చదవాలి.

ఈలోపు మనం చేసుకోగలిగినవి చేసుకుందాం. ఇంట్లో 12 వోల్ట్ రౌటర్ అయితే దానికి సరిపోయే మినీ యూపీఎస్ పెట్టుకుంటే చిన్న పవర్ కట్‌లు గడిచిపోతాయి. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద వోల్ట్‌లు, ఆంపియర్లు చూసుకోండి. ఫోన్‌లో గేమ్ మోడ్ పెట్టి, కాల్ ఫుల్ స్క్రీన్ కాకుండా చిన్న నోటిఫికేషన్‌లా వచ్చేలా మార్చుకోండి. బస్సులో ర్యాంక్డ్ పెట్టకండి.

మా వాడు మినీ యూపీఎస్ కొన్నాడు. బస్సులో ఇప్పుడు ట్రైనింగ్ గ్రౌండ్ మాత్రమే ఆడుతున్నాడు. డాడీ కాల్ మాత్రం కట్ చేయను అంటున్నాడు. మోటర్ కాలిపోతే ఏ స్కోర్ ఆదుకుంటుంది? ఆ మాట అన్నవాణ్ని టీమ్‌ని వదిలేసి పోయే రకం అంటే, తప్పు వాడిది కాదు, కొలిచే కర్రది.