పచ్చ తీగె ఎక్కడికి పోయింది?

గడచిన మాఘమాసంలో మా డోన్‌లోనే ఒక బంధువుల గృహప్రవేశానికి వెళ్ళాను. ఇల్లు దివ్యంగా ఉన్నది. పక్కనే ఉన్న బేతంచెర్ల రాయి నచ్చక, ఎక్కడో దూరదేశపు పాలరాయి తెప్పించి పరిచారు. హాలు కప్పుకింద ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో ఒక తామరపువ్వు చేయించి, దాని రేకులలో దీపాలు దాచారు. రిమోటు నొక్కితే నీలం, మళ్ళీ నొక్కితే గులాబి. వచ్చినవారంతా తలలెత్తి చూసి మెచ్చుకుంటున్నారు. అంతలో వంటింట్లో నుంచి ఇల్లాలి గొంతు వినిపించింది.

"ఏమండీ, గ్రైండరు యాడ పెట్టాల? ఈడ ప్లగ్గే లేదు."

ఇంటాయన తామరపువ్వు మీది చూపు మరల్చకుండానే, "హాల్లోనుంచి వైరు లాక్కోరాదా" అన్నాడు. పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టిన కొత్త గడప మీదుగా ఒక ఎక్స్‌టెన్షన్ వైరు పాకింది. ఆ ఇంటికి అదే అసలైన గృహప్రవేశమనిపించింది నాకు.

మన ఊళ్ళలో ఇల్లు కట్టుకొనేవారు దీపాన్ని అలంకారమనుకుంటున్నారు. కరెంటు పనిని చివరి మెరుగు అనుకుంటున్నారు. రెండూ పొరపాటే. ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ఎవరు ఎక్కడ నిలబడి పనిచేస్తారో వారిని అడగకుండా గోడలలో తీగెలు పూడ్చడం అవివేకం. ఎర్తింగు సరిచూసుకోకుండా పూడ్చడం అపరాధం. కొంచెం కటువుగానే చెబుతున్నాను. ఆ కటుత్వానికి కారణం ముందుముందు తెలుస్తుంది.

వాస్తు చూసేవారిని మూడుసార్లు పిలుస్తాము. వంటిల్లు ఆగ్నేయంలోనే ఉన్నదా అని అంగుళాలతో కొలుస్తాము. శాస్త్రాన్ని నేను ఆక్షేపించడం లేదు. అగ్నికి ఒక మూలను కేటాయించిన పూర్వులది వివేకమే. అయితే ఆ గ్రంథాలు పుట్టిన కాలంలో అగ్ని పొయ్యిలోనే ఉండేది. నేడు ప్రతి గోడలోను ఉన్నది. ఆ అగ్నికి దారి వేసే ఎలక్ట్రీషియన్‌కు మాత్రం మనం ఇచ్చేది ఒక్క సాయంత్రం. గోడలు లేచిన తరువాత అతడు సుద్దముక్క పుచ్చుకొని వస్తాడు. "బోర్డు యాడ పెట్టాల సార్?" అంటాడు. "నీకు తెల్సు గదప్పా, నువ్వే చూసి పెట్టు" అంటాము. అతనికి తెలిసినది కరెంటు. మీ తల్లిగారు ఏ వైపు తలపెట్టి పడుకుంటారో, మీ పిల్లవాడు ఏ చేత్తో వ్రాస్తాడో, మీ ఇంట్లో పిండి ఎక్కడ రుబ్బుతారో అతనికెట్లా తెలుస్తుంది?

కూలి మాట్లాడుకొనే పద్ధతిలోనూ ఒక చిక్కున్నది. పాయింటుకు ఇంత అని మాట్లాడుకొంటే, ఖర్చు తగ్గించడానికి యజమాని పాయింట్లు తగ్గిస్తాడు. చదరపు అడుగుకు ఇంత అని మాట్లాడుకొంటే, శ్రమ తగ్గించుకోవడానికి పనివాడు తగ్గిస్తాడు. ఏ బేరమైనా కోతపడేది వంటింటికీ ముసలివారి గదికీ. తామరపువ్వు రేకు ఒక్కటి కూడా రాలదు.

పైగా ఈ నిర్ణయాలలో సగం గోడల దగ్గర కాదు, శ్లాబు దగ్గరే తేలిపోతాయి. కమ్మీలు కట్టిన తరువాత, కాంక్రీటు పోయకముందు, ఫ్యాను బాక్సులూ దీపాల పైపులూ పరుస్తారు. మంచం ఎక్కడ వస్తుందో ఆ రోజుకు తెలియకపోతే ఫ్యాను గది నడుమ తిరుగుతుంది, మంచం మూలన ఉంటుంది. మా సీమలో మే నెల రాత్రి ఆ నాలుగడుగుల దూరం ఎంతటిదో అనుభవించినవారికే ఎరుక.

నేను పుట్టినది మట్టిమిద్దెలో. కప్పులో గవాచి ఉండేది. పగటి వెలుతురు అందులోనుంచి సరిగా పొయ్యి ముందర పడేది. వాన వస్తే ఎవరో ఒకరు మిద్దె ఎక్కి దానిమీద బండ మూసేవారు. గోడ లేచేటప్పుడే దీపానికి గూడు వదిలేవారు. ఏ ఎత్తున వదలాలో మా అవ్వ నిలబడి చెయ్యి చాపి చూపించిందని ఇంట్లో చెప్పుకొనేవారు. ఆ కాలమే మేలని నేను అనబోవడం లేదు. కిరసనాయిలు పొగకు గూళ్ళు నల్లబడ్డాయి, మా అవ్వ కళ్ళూ చెడ్డాయి. పరీక్షలప్పుడు డోన్ జంక్షన్‌లో ప్లాట్‌ఫారం దీపాల కిందికి పోయి చదువుకొన్న పిల్లలలో నేనొకడిని. గుంతకల్లు బండి పోయి సికిందరాబాదు బండి వచ్చేలోగా వ్యాకరణ సూత్రాలు వల్లెవేసినవాణ్ణి. కాబట్టి కరెంటు దీపం విలువ తెలియక మాట్లాడుతున్నానని అనుకోకండి. కానీ ఆ గూటిలో ఒక నీతి ఉన్నది: గోడకంటె ముందు దీపం. దానిని మనం తలకిందులు చేసుకున్నాము.

నేడు దీపం ఖరీదైన వస్తువు కాదు. 2015 జనవరిలో కేంద్రప్రభుత్వం ఉజాలా పథకం ఆరంభించిన తరువాత ఎల్.ఇ.డి. బల్బు సామాన్యుని చేతికందింది. ఒకనాటి 60 వాట్ల బల్బు వెలుగును నేడు 9 వాట్లదే ఇస్తున్నది. అంటే లోపం వెలుగు పరిమాణంలో లేదు, దానిని పెట్టే చోటులో ఉన్నది. మన వంటిళ్ళు చూడండి. దీపం గది నడుమ, గట్టు గోడవారన. గట్టువైపు తిరిగి కూరలు తరిగే ఇల్లాలి వీపుమీద వెలుతురు పడుతుంది, కత్తి కింద ఆమె నీడ పడుతుంది. తన నీడలో తానే వేలు కోసుకొనే ఏర్పాటు ఇది. గట్టుమీది అలమర అడుగున సన్నని ఎల్.ఇ.డి. పట్టీ ఒకటి బిగిస్తే తీరిపోయే బాధ. అయితే దానికి గోడలో ముందే పైపు ఉండాలి.

ముసలివారి సంగతి మరీ అన్యాయం. అరవై ఏళ్ళ కంటిలోపలికి చేరే వెలుతురు ఇరవై ఏళ్ళ కంటికి చేరేదానిలో ఇంచుమించు మూడోవంతు. వయసుతోపాటు కంటిపాప కుంచించుకుంటుంది, కటకం పసుపుబారుతుంది. అటువంటివారికి కావలసినది పైకప్పు మీది రంగుల ఆట కాదు. చిన్న దీపానికి దూరం రెట్టింపైతే పుస్తకం మీద పడే వెలుతురు నాలుగోవంతవుతుంది. కాబట్టి కుర్చీ పక్కన, భుజానికి కొంచెం పైన ఒక్క దీపం చాలు. పడకగదిలో తలుపు దగ్గర ఒక స్విచ్చి, మంచం దగ్గర ఒకటి, రెండింటికీ ఒకే దీపం. దీనిని టూవే అంటారు. అర్ధరాత్రి లేచి చీకట్లో గోడ తడుముకుంటూ పోయి పడి తుంటి విరిగినవారిని పరామర్శించి వచ్చిన ప్రతిసారీ ఆ రెండో స్విచ్చి ఖరీదు నాకు గుర్తుకొస్తుంది.

ఇక ప్లగ్గులు. మన ఇళ్ళలో సాకెట్లు రెండు కొలతలవి: 6 ఆంపియర్లు, 16 ఆంపియర్లు. 230 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లంటే 1380 వాట్లు. గీజరు గాని ఇండక్షన్ పొయ్యి గాని 2000 వాట్లు తీసుకుంటే అది దాదాపు 9 ఆంపియర్లు. దానిని ఎక్స్‌టెన్షన్ పెట్టెకు తగిలించి, ఆ పెట్టెను చిన్న సాకెట్టులో గుచ్చి వంట చేస్తున్న ఇళ్ళు నేనెరుగుదును. ప్లాస్టిక్కు కమిలిన వాసన వస్తే కిటికీ తెరుస్తారు! వంటగట్టు మీదనే మిక్సీకి, గ్రైండరుకు, పొయ్యికి వేరువేరుగా చోటుండాలి. పెద్ద వస్తువులకు 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి తగిన లావు తీగె, విడిగా ఒక ఎం.సి.బి. ఉండాలి. నేలకు అడుగెత్తున సాకెట్టు పెట్టడం చూడటానికి ముచ్చటే. దోగాడే పసివాడి వేలికి అందుతుంది, మోకాళ్ళ నొప్పులున్న అవ్వ చేతికి అందదు.

ఇప్పుడు నా సంగతి.

మేము కట్టుకొన్న ఇంట్లో నేను మూడు నెలలు ఆలోచించినది పుస్తకాల అలమర గురించి. కరెంటు పని ఎవరికి అప్పగించానో వారికే వదిలేశాను. ఇంట్లో చేరిన కొత్తలోనే మా ఇంటావిడ, "ఫ్రిజ్జు పట్టుకుంటే చెయ్యి జిల్లుమంటాందండీ" అన్నది. ఏదో నరాల బలహీనత అన్నాను. మళ్ళీ ఒకసారి అన్నది. చలికాలం గదా, ఉన్నిబట్టల వల్ల అట్లా ఉంటుందిలే అన్నాను. ఆ తరువాత ఆమె చెప్పడం మానుకొన్నది. ఫ్రిజ్జు ముందర ఒక చెక్కపీట వేసుకొని, దానిమీద నిలబడి తలుపు తీయడం మొదలుపెట్టింది. పై అర అందక కాబోలనుకొన్నాను! నెలల తరబడి ఆ పీటను చూస్తూ కాఫీ తాగాను.

వేసవి సెలవులకు మనుమరాలు వచ్చింది. స్నానం చేసి, తడికాళ్ళతో బండలమీద పరుగెత్తుకొచ్చి ఫ్రిజ్జు పిడి పట్టుకొన్నది. పీటమీద నిలబడాలని ఆ పిల్లకెవరు చెప్పారు? కెవ్వుమని వెనక్కి పడింది. పడింది కాబట్టి బ్రతికింది. చెయ్యి అంటుకొనిపోయి ఉంటే ఈ వ్యాసం వ్రాసేవాణ్ణి కాను.

ఆ సాయంత్రం నా దగ్గర చదువుకొన్న ఒక కుర్రవాణ్ణి పిలిపించాను. ఇప్పుడతడు ఇదే పనిలో ఉన్నాడు. బోర్డు విప్పి, టార్చి వేసి చూసి, కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా అన్నాడు: "సార్, పచ్చ వైరు ఉంది గానీ అది యాడికీ పోల్యా."

సాకెట్టు వెనుక పచ్చ తీగె బిగించి ఉన్నది. గోడలోనుంచి మెయిన్ బోర్డుదాకా వచ్చింది. అక్కడ తెంపి, మడిచి, మూలకు తోసేసి ఉన్నది. పైకి మూడు రంధ్రాలూ ఉన్నాయి. మూడోదాని వెనుక ఏమీ లేదు. ముప్పై ఏళ్ళు పిల్లలకు అసమాపక క్రియతో వాక్యం ముగియదని చెప్పాను. మా ఇంటి గోడలో అసమాపకంగా మిగిలిన తీగెను చూడలేదు. చూడలేదనడం కూడా సరికాదు. చెప్పిన మనిషి మాట వినలేదు.

మూడు పిన్నుల ప్లగ్గును ఎప్పుడైనా తీరికగా చూశారా? పై పిన్ను తక్కిన రెండింటికంటె పొడవు, లావు. అది ముందుగా లోపలికి పోవాలి, చివరగా వెలుపలికి రావాలి. కరెంటు తగలకముందే రక్షణ తగలాలని ఆ రూపకల్పన. ఆ పిన్ను నేలకు చేరే దారిని మనమే తెంపుకుంటున్నాము.

"మా ఇంట్లో ఎం.సి.బి.లున్నాయి, భయం లేదు" అనేవారు చాలామంది. ఎం.సి.బి. కాపాడేది తీగెను, మనిషిని కాదు. 16 ఆంపియర్లంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. మనిషి ప్రాణం పోవడానికి అందులో వందోవంతు కూడా అక్కరలేదు. మనిషిని కాపాడటానికి ఉన్నది ఆర్.సి.సి.బి. అనే పరికరం. పోయిన కరెంటునూ తిరిగివచ్చిన కరెంటునూ అది సరిచూస్తూ ఉంటుంది. ఇళ్ళలో వాడేదైతే 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చేసరికి రెప్పపాటులో ఆపేస్తుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో చేసిన భద్రతా నిబంధనలలోను, వాటి స్థానంలో 2023లో తెచ్చినవాటిలోను ఈ రక్షణ గురించి ఉన్నది. తామరపువ్వు ఖర్చులో చిన్న తునక కూడా కాదు దీని ధర.

మా ప్రాంతానికి ఇది మరింత ముఖ్యం. తడినేల కరెంటును సులువుగా తీసుకుంటుంది. ఎండిన నేల, రాతినేల తీసుకోదు. కోనసీమలో చాలిన గుంత డోన్‌లో చాలదు. లెక్క చూడండి. మీ ఎర్తు గుంత నిరోధం 20 ఓములనుకొందాం. 230ని 20తో భాగిస్తే పదకొండున్నర ఆంపియర్లు. ఎర్తింగు ఉన్నా సరే, 16 ఆంపియర్ల ఎం.సి.బి. దానికి కదలదు, ఫ్రిజ్జు ఒంటిమీద కరెంటు నిలిచే ఉంటుంది. అందుకే మంచి గుంతా కావాలి, ఆర్.సి.సి.బి.యూ కావాలి. ఐ.ఎస్. 3043 అనే భారతీయ ప్రమాణం ఎర్తు గొట్టం రెండున్నర మీటర్లకు తగ్గకూడదంటున్నది. మా ఊళ్ళో మూడడుగులు తవ్వేసరికి రాయి తగులుతుంది. గొట్టం కోసి, పొట్టిది పాతి, పైన సిమెంటు పూసేస్తే అడిగే నాథుడు లేడు. ఒకచోట దిగకపోతే మరొకచోట తవ్వాలి. ఒకటి చాలకపోతే ఎడంగా రెండోది పాతి కలపాలి. బొగ్గూ ఉప్పూ వేసి, పైన గరాటు వదిలి, వేసవిలో నీళ్ళు పోయాలి. తులసికోటకు రోజూ నీళ్ళు పోస్తాము గదా, ఆ చేత్తోనే ఈ గుంతకూ ఒక చెంబు పోస్తే ఏం పోయింది?

"ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు గదా" అన్నది చివరి వాదం. మా ఇంట్లోనూ నెలల తరబడి ఏమీ కాలేదు. పీట ఉన్నది కాబట్టి.

ఇల్లు కట్టబోయేవారికి నా మనవి ఇంతే. శ్లాబుకు ముందే ఒక కాగితం మీద మంచాలు, కుర్చీలు, పొయ్యి, గ్రైండరు, పిల్లల బల్ల గీయండి. ఆ కాగితం ముందుగా ఇంటి ఆడవారి చేతికివ్వండి, తరువాత ముసలివారికి, చివరకు మీరు చూడండి. గోడలు పూయకముందు పైపులున్న ప్రతి గోడకూ ఫోటో తీసి దాచుకోండి. రేపు మేకు కొట్టేటప్పుడు అక్కరకొస్తుంది. ఇన్వర్టరుకు దారి ఆలోచించండి. కప్పునుంచి మీటరుదాకా ఒక ఖాళీ పైపు వదలండి. ఓర్వకల్లు ప్రాంతంలో 1000 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు 2017 నుంచి ఉన్నది. ఇంటి కప్పులకోసం 2024 ఫిబ్రవరిలో సూర్యఘర్ పథకం కూడా వచ్చింది. ఎలక్ట్రీషియన్ తో బేరమాడవద్దు. పని తెలిసినవానికి తగిన కూలి ఇచ్చి, ఎర్తు కొలిచి చూపించమనండి. ఆర్.సి.సి.బి. మీద పరీక్ష మీట ఉంటుంది. పాలు పొంగించే ముందు అది నొక్కి చూడండి.

ఆ పీట ఇప్పటికీ మా ఫ్రిజ్జు ముందరే ఉన్నది. ఎర్తింగు బాగుచేయించాము గదా, తీసేయమన్నాను. "ఉండనీయండి, మీకు గుర్తుండాల గదా" అన్నది మా ఇంటావిడ.

ఇకమీదట ఎవరు గృహప్రవేశానికి పిలిచినా విస్తరి ముందు కూర్చొనేలోగా ఒక ప్రశ్న అడగదలచుకొన్నాను: మీ ఇంటి పచ్చ తీగె ఎక్కడికి పోయింది? కోపం వస్తే రానీయండి.