తెరచిన రేవు – మూసిన వాకిలి

నిజాంపట్నం నేడు బాపట్ల జిల్లాలోని ఒక చేపల రేవు. వేకువనే మరపడవలు సముద్రంలోకి సాగిపోవడం, అవి తిరిగి వచ్చినప్పుడు ఒడ్డున బేరసారాల సందడి చెలరేగడం ఆ ఊరి నిత్యకృత్యం. నాలుగు శతాబ్దాలకు పూర్వం ఐరోపా వర్తకులకు ఇదే ఊరు 'పెటపోలి'గా పరిచితం. డచ్చివారు 1606లో ఇక్కడ వర్తక స్థావరం నెలకొల్పుకొన్నారు. 1611లో 'గ్లోబ్' అనే ఓడలో ఆంగ్లేయులు వచ్చి దిగారు. వారిని ఇక్కడికి రప్పించినవి బంగారు గనులు కావు, నూలుబట్టలు. ఈ ప్రాంతంలో దొరికే చిరివేరుతో అద్దకపువారు బట్టకు ఎక్కించే ఎరుపు ఎన్ని ఉతుకులకూ వన్నె తగ్గేది కాదు.

కోరమండల్ తీరంలో తయారైన అద్దకపు బట్టలను డచ్చి కంపెనీ ఓడలు ఆగ్నేయాసియా దీవులకూ, అక్కడి నుండి జపానుకూ చేరవేశాయి. జపనీయులు వాటిని 'సరస' అని పిలిచి ఎంతో మక్కువతో దాచుకొన్నారు. తేనీటి వేడుకలో వాడే విలువైన పాత్రలకు ఈ బట్టతో సంచులు కుట్టించుకొన్నారు. కాని ఆ బట్టను తెచ్చిన మనుషులకు దక్కిన మర్యాద వేరు. 1639లో జపాను ప్రభుత్వం పోర్చుగీసువారి రాకను నిషేధించింది. 1641లో డచ్చివారిని నాగసాకి రేవులో కృత్రిమంగా నిర్మించిన దేజిమా అనే చిన్న దీవిలో ఉంచి, ఊరితో కలిపే వంతెన దగ్గర కావలి పెట్టింది. అనుమతి లేనిదే వారు వంతెన దాటరాదు. సరుకు ఊరిలోకి పోవచ్చు, దానిని తెచ్చినవాడు పోరాదు.

ఇది కేవలం సంకుచితత్వమని కొట్టిపారేయడం న్యాయం కాదు. నిజాంపట్నం చరిత్రే జపాను పక్షాన సాక్ష్యం చెబుతుంది. 1611లో బట్టలు కొనడానికి వచ్చిన ఆంగ్లేయుల కంపెనీ 1788 నాటికి గుంటూరు సర్కారును తన ఏలుబడిలోకి తెచ్చుకొన్నది. తలుపు వేసుకొన్న దేశం స్వతంత్రంగా మిగిలింది, తీసి ఉంచిన తీరం పరుల పాలయింది. అయితే ఫిరంగులు వెంట తెచ్చుకొన్న కంపెనీని చూసి కలిగిన భయాన్ని, పొట్ట చేతపట్టుకొని వచ్చే కూలీపైన కూడా చూపవచ్చునా? యుద్ధానంతర జపాను చరిత్రలో పదే పదే ఎదురయ్యే ప్రశ్న ఇదే.

ఆ యుద్ధం తెలుగువారికి పరోక్ష వార్త కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంపైన, కాకినాడపైన బాంబులు వేశాయి. అదే సంవత్సరం జపాను సేనలు బర్మాను ఆక్రమించగా, రంగూను రేవులో మూటలు మోసి బతికిన తెలుగు కూలీలెందరో కొండదారుల వెంట కాలినడకన స్వదేశానికి బయలుదేరారు. దారిలోనే కన్నుమూసినవారు కూడా అనేకులు. అటువంటి జపాను 1945లో ఓడిపోయి, 1947లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం తొమ్మిదవ అధికరణంలో యుద్ధాన్ని పరిత్యజిస్తున్నట్లు ప్రకటించింది. ప్రధాని యోషిదా షిగేరు రక్షణ భారాన్ని అమెరికాకు వదలి, దేశం శక్తినంతా పరిశ్రమలపైన, వాణిజ్యంపైన కేంద్రీకరించాడు. 1951 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో సంధి సభకు భారతదేశం హాజరు కాలేదు. జపానుకు సమాన గౌరవం దక్కాలన్న అభిప్రాయంతో 1952 జూన్ 9న విడిగా సంధి కుదుర్చుకొని, యుద్ధ నష్టపరిహారాన్ని వదులుకొన్నది. అంతకు ముందే, 1949లో, టోక్యో బాలబాలికల కోరికపై నెహ్రూ 'ఇందిర' అనే ఏనుగును కానుకగా పంపాడు. 1958లో జపాను తన తొలి యెన్ రుణాన్ని భారతదేశానికే ఇచ్చింది. బయటివారితో ఇంత చక్కగా సఖ్యం నెరపిన దేశం, తన ఇంటిలోనే ఉన్న పరాయివారి విషయంలో ఏమి చేసింది?

కొరియా 1910 నుండి జపాను ఏలుబడిలో ఉన్నది. చట్టం దృష్టిలో కొరియనులు జపాను ప్రజలే. 1940లో వారిచేత జపనీయుల పేర్లు పెట్టించారు. యుద్ధం ముదిరినప్పుడు వారిని గనులకూ, కర్మాగారాలకూ, చివరకు సైన్యానికీ తరలించారు. ప్రాణం ఇవ్వవలసి వచ్చినప్పుడు వారు జపనీయులే! తీరా శాన్‌ఫ్రాన్సిస్కో సంధి అమలులోకి వచ్చిన 1952 ఏప్రిల్ 28న, జపానులో మిగిలి ఉన్న సుమారు ఆరు లక్షల మంది కొరియనులు ఒక్క రోజులో విదేశీయులైపోయారు. మీరు ఏ దేశ పౌరులుగా ఉండగోరుతున్నారని ఎవరూ వారిని అడగలేదు. జపాను పౌరసత్వం పుట్టిన నేలను బట్టి కాక తల్లిదండ్రుల రక్తాన్ని బట్టి సంక్రమిస్తుంది. కనుక అక్కడే పుట్టి, ఆ భాషే మాట్లాడి, ఆ బడిలోనే చదివిన బిడ్డలు కూడా విదేశీయులుగానే పెరిగారు. వేలిముద్రలు ఇచ్చి గుర్తింపు పత్రం వెంట ఉంచుకోవలసిన దుస్థితి వారికి దశాబ్దాల పాటు తప్పలేదు. ఒకనాడు బలవంతంగా అంటగట్టిన జపాను పేరునే, ఉద్యోగం దొరకదేమోననీ, పెళ్ళి కుదరదేమోననీ భయపడి ఎందరో తరతరాలుగా ముసుగులా ధరిస్తూ వచ్చారు. 1991లో వారికి ప్రత్యేక శాశ్వత నివాస హక్కు లభించింది. హక్కు లభించడానికి పట్టిన కాలం ముప్పై తొమ్మిది సంవత్సరాలు.

సామ్రాజ్యం ఉన్నంతకాలం అనేక జాతుల కూటమినని చెప్పుకొన్న దేశం, అది పోగానే ఏకజాతినని చెప్పుకోసాగింది. చరిత్ర ఈ మాటను సమర్థించదు. నారా నగరంలోని తోదాయ్‌జీ ఆలయంలో మహాబుద్ధ విగ్రహానికి 752లో నేత్రోన్మీలనం చేసినవాడు జపనీయుడు కాడు, 736లో సముద్రం దాటి వెళ్ళిన భారతీయ భిక్షువు బోధిసేనుడు. కృష్ణాతీరపు శ్రీపర్వతంతో సంప్రదాయం ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడు అక్కడ 'ర్యూజు' పేరిట బౌద్ధ శాఖలెన్నింటికో మూలపురుషుడు. లిపి చైనా నుండి వచ్చింది. ఉత్తరాన హొక్కైదో దీవిలో ఐనూలనే ఆదివాసులు అనాదిగా ఉన్నారు, వారిని ఆదివాసులుగా గుర్తించమని జపాను పార్లమెంటు తీర్మానం చేయడానికి 2008 వరకు ఆగవలసి వచ్చింది. ఇన్ని పాయలు కలిసినా జపాను జపానుగానే మిగిలింది కదా! రేపు మరి నాలుగు పాయలు కలిస్తే ఎండిపోతుందన్న భయానికి ఆధారమేమిటి?

పరిశ్రమలు పెరిగి పనిచేసే చేతులు కరవైనప్పుడు జపాను ఈ భయానికీ అవసరానికీ మధ్య విచిత్రమైన దారులు వెదకింది. 1990లో అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం, పూర్వం బ్రెజిల్, పెరూ దేశాలకు వలసపోయిన జపనీయుల సంతతిని వెనక్కు పిలిచారు. రక్తం ఒకటే కనుక ఇమిడిపోతారని ఆశించారు. వచ్చినవారు పోర్చుగీసు మాట్లాడారు, సాంబా నృత్యం చేశారు. 2008 ఆర్థిక మాంద్యంలో కర్మాగారాలు మూతపడగా, 2009లో ప్రభుత్వం తలకు మూడు లక్షల యెన్‌లు ఇచ్చి, అదే హోదాతో మళ్ళీ రావద్దన్న షరతుపై వారిని సాగనంపింది. రక్తబంధమే గట్టిదన్న వాదానికి ఇంతకు మించిన ఖండన ఉండదు.

1993లో 'సాంకేతిక శిక్షణ' పేరిట మరొక పథకం మొదలయింది. వచ్చినవారు పేరుకు శిక్షార్థులు, చేసేది కర్మాగారాలలో, పొలాలలో కూలిపని. యజమానిని మార్చుకొనే స్వేచ్ఛ లేక వేలాది మంది పారిపోయారు. ఎట్టకేలకు ఈ పథకాన్ని రద్దుచేసి, 2027 నుండి కొత్త పద్ధతిని తెచ్చే చట్టం 2024లో ఆమోదం పొందింది. 2019లో 'నిర్దిష్ట నైపుణ్యం' అనే కొత్త వీసా అమలులోకి వచ్చినప్పుడు కూడా ఇది వలస విధానం కాదని ప్రభుత్వం నొక్కి చెప్పింది. మనుషులు వస్తున్నారు, పని చేస్తున్నారు, పన్నులు కడుతున్నారు. 'వలస' అన్న మాట మాత్రం పలకకూడదు! పేరు పెట్టని బిడ్డ పెరగకుండా ఉంటుందా?

జపాను జనాభా 2008లో సుమారు 12 కోట్ల 80 లక్షలకు చేరి, ఆ తరువాత తగ్గుముఖం పట్టింది. 2024లో అక్కడ పుట్టిన జపాను శిశువులు ఏడు లక్షల లోపే. అదే సంవత్సరాంతానికి విదేశీయుల సంఖ్య 37 లక్షలు దాటింది. అయినా అది దేశ జనాభాలో మూడు శాతమే. ఆ మూడు శాతాన్ని చూసి బెదిరిపోయి, 2025 ఎగువసభ ఎన్నికలలో 'ముందు జపనీయులకే' అన్న నినాదానికి ఓట్లు వేసినవారు తక్కువేమీ కాదు. వారిని పరిహసించే అధికారం అందరికీ ఉండదు. తెలుగునాట ఇటుకబట్టీలకు ఏటా ఒడిశా నుండి వచ్చే కూలీల బిడ్డలు ఏ బడిలో చదువుతున్నారని ఎవరైనా అడిగితే ఇక్కడివారు కూడా తల వంచుకోవలసిందే.

టోక్యోలోని నిషికసాయ్ ప్రాంతంలో 2000 సంవత్సరం నాటి నుండి భారతీయ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు స్థిరపడుతూ వచ్చారు. వారిలో తెలుగు కుటుంబాలు కూడా ఉన్నాయి. నిర్దిష్ట నైపుణ్య కార్మికుల విషయమై భారత, జపాను ప్రభుత్వాలు 2021 జనవరిలో ఒప్పందం చేసుకొన్నాయి. ఐదేళ్ళలో యాభై వేల మంది నిపుణులను, నిపుణులు కాగలవారిని భారతదేశం నుండి రప్పించుకోవాలని 2025 ఆగస్టులో సంకల్పం చెప్పుకొన్నాయి. తీరాంధ్ర యువతకు ఇది మంచి అవకాశమే. వృద్ధుల సంరక్షణకు అక్కడ మనుషులు ఎంతో అవసరం. అయితే ఆ పనికి ఇచ్చే నిర్దిష్ట నైపుణ్య వీసా ఒకటవ తరగతిది. దానిపై ఉండగలిగే కాలం సాధారణంగా ఐదేళ్ళు. భార్యాభర్తలను గాని బిడ్డలను గాని వెంట తీసుకొని వెళ్ళడానికి అనుమతి లేదు. తనకు ఏమీ కాని ఒక వృద్ధురాలిని చేతులతో లేవనెత్తి, స్నానం చేయించి, అన్నం తినిపించే యువతి, రాత్రి గదికి తిరిగి వచ్చిన తరువాత తన బిడ్డను ఫోనులో మాత్రమే చూసుకోవాలి.